ఇంటిపట్టున: పెళ్ళి క్యాసెట్టుని డీవీడీ చేసుకుందామా?

ఒక్కసారి మీ అటక మీదికో, బీరువా అడుగు అరలోకో చూడండి. పాత పట్టుచీరల మధ్యన, కలరా ఉండల పక్కన, నల్లటి ఇటుకలాంటి పెట్టె ఒకటి కనబడుతుందేమో! పైన స్కెచ్ పెన్నుతో పెళ్ళికూతురి పేరు, పెళ్ళికొడుకు పేరు, మధ్యలో హృదయం బొమ్మ, కింద ముహూర్తం తేదీ... అవునండీ, మీ పెళ్ళి వీడియో క్యాసెట్టు. 90లలో పెళ్ళిళ్ళయిన మనలో చాలామంది దగ్గర ఇది వుంది. కానీ దాన్ని ఆఖరుసారి ఎప్పుడు చూశారు? చెప్పలేరు కదూ! చూద్దామంటే వి.సి.ఆర్. ఏదీ? ప్రపంచం మొత్తంమీద ఆఖరిదాకా వి.సి.ఆర్.లు చేస్తూ వచ్చింది జపానులోని ఫునాయ్ అనే కంపెనీ. అదీ 2016 జూలైలో ఆపేసింది. ఇంక కొత్తది దొరకదు. ఉన్నవి ఒక్కొక్కటే మూలపడుతున్నాయి.

ఈ వారం వంటలూ, కుట్లూ పక్కన పెట్టి ఈ క్యాసెట్టు సంగతి ఎందుకెత్తుకున్నానంటే, మా కొత్తచెరువులో మా వీధిలోనే వుండే చెల్లెమ్మ ఒకావిడ వచ్చి అడిగింది. ఆమె పెళ్ళి 1995లో. కన్యాదానం చేసిన నాన్నగారు ఆ తర్వాత మూడేళ్ళకే పోయారు. ఫోటోలు వున్నాయి గానీ, ఆయన నడిచేదీ నవ్వేదీ వున్నది ఆ ఒక్క క్యాసెట్టులోనే. ఇప్పుడు ఆమె కూతురికి సంబంధం కుదిరింది. "తాతని ఒకసారి చూడాలమ్మా" అని ఆ పిల్ల పట్టు పట్టింది. టౌనులో ఒక స్టూడియోలో అడిగితే, క్యాసెట్టు ఇచ్చిపొండి, పదిహేను రోజులకి రండి అన్నారట. అంతకుముందే తెలిసినవాళ్ళ క్యాసెట్టు ఎక్కడో ఇస్తే రీలు నలిగి తిరిగొచ్చిందని ఈమె విని వుంది. "ఇదొక్కటే కదక్కా ఉండేది. ఇది పోతే మా నాయన గొంతు మళ్ళా యాడ దొరుకుతుంది?" అంది.

నిజమే! అలాంటి వస్తువుని గడప దాటించాలంటే మనసొప్పదు. దాటించక్కర్లేదు కూడా. ఇంట్లోనే చేసుకోవచ్చు. మేం చేశాం. రెండు ఆదివారాలు పట్టింది. సాఫ్టువేర్లకి పైసా ఖర్చు కాలేదు.

కావలసినవి

ముందుగా పనిచేసే వి.సి.ఆర్. లేదా వి.సి.పి. ఒకటి. అన్నిటికన్నా కష్టం దీనిదే. బంధువుల ఇళ్ళల్లో అడగండి, పాత టీవీ మెకానిక్కుల దగ్గర అడగండి. ఒకప్పుడు వి.సి.ఆర్. అద్దెకి తెచ్చుకుని, వీధి వీధంతా కూర్చుని తెల్లవార్లూ మూడు సినిమాలు చూసిన రోజులు గుర్తున్నాయా? అలా అద్దెకిచ్చినవాళ్ళ ఇళ్ళల్లో ఇప్పటికీ ఒకటో రెండో పడివుంటాయి. మాకు దొరికింది అలాంటి చోటే.

రెండోది వీడియో క్యాప్చర్ అనే చిన్న పరికరం. బొటనవేలంత వుంటుంది. ఒకవైపు కంప్యూటరు యూ.ఎస్.బి.లో గుచ్చేది, రెండోవైపు పసుపు, తెలుపు, ఎరుపు రంగుల తీగలు. పసుపుది బొమ్మకి, తెలుపూ ఎరుపూ శబ్దానికి. పాత వి.సి.ఆర్.లకి చాలావాటికి శబ్దం కోసం ఒక్కటే కన్నం వుంటుంది. అప్పుడు తెల్లది గుచ్చి ఎర్రది వదిలెయ్యండి. ఇంక ఒక ల్యాప్‌టాపు, అందులో కనీసం 20 జీబీ ఖాళీ, డీవీడీ రైటరు, ఖాళీ డిస్కులు. ఈమధ్య ల్యాప్‌టాపులకి డిస్కు పెట్టే అరే వుండట్లేదు. బయట తగిలించుకునే రైటరు దొరుకుతుంది. రోజూ వాడేది కాదు కాబట్టి నలుగురు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు. ఇడ్లీ రుబ్బురోలు లాగా వీధికి ఒకటి!

సాఫ్టువేర్ల సంగతి

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. ఇంగ్లీషులో 'ఫ్రీ' అంటే డబ్బుల్లేకుండా వచ్చేదనీ అర్థమే, స్వేచ్ఛ అనీ అర్థమే. ఆ ఒక్క మాటతో వాళ్ళు నానా తంటాలూ పడతారు. మనకా చిక్కు లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో మొదలుపెట్టిన ఉద్యమం ఈ స్వేచ్ఛ గురించే. సాఫ్టువేరు లోపల ఏముందో ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాళ్ళకి కాపీ ఇవ్వొచ్చు. పచ్చడి చేసే పద్ధతి దాచుకోకుండా చెప్పినట్టన్నమాట. మన హైదరాబాదులో ఇదే పని చేస్తున్న సంస్థ పేరు కూడా 'స్వేచ్ఛ'యే. కంప్యూటరు తెలుగులో మాట్లాడేలా చెయ్యడానికి వాళ్ళు ఏళ్ళ తరబడి శ్రమపడ్డారు.

మనకి కావలసినవన్నీ ఈ కోవలోవే. క్యాసెట్టు బొమ్మని కంప్యూటరులోకి దించడానికి 'ఓ.బి.ఎస్. స్టూడియో'. అక్కర్లేని ముక్కలు కత్తిరించడానికి 'షాట్‌కట్'. మెనూ కట్టి డీవీడీ తయారుచెయ్యడానికి 'డీవీడీ స్టైలర్'. అయ్యాక చూసుకోవడానికి 'వీ.ఎల్.సి.'. ఇది ఫ్రాన్సులో కాలేజీ విద్యార్థులు 1996లో మొదలుపెట్టిన పని. ఒకప్పుడు విండోస్‌తోనే 'డీవీడీ మేకర్' అని ఒకటి వచ్చేది. విండోస్ 8 నుంచి తీసేశారు. కాబట్టి మీ అబ్బాయి 'అది విండోస్‌లోనే వుంటుందిలే అమ్మా' అంటే నమ్మకండి.

ఒక్క జాగ్రత్త. 'ఫ్రీ డీవీడీ కన్వర్టర్' అని పెద్దక్షరాలతో ఊరించేవి బోలెడున్నాయి. మూడు గంటలు పని చేయించుకుని, ఆఖర్న పెళ్ళికొడుకు మొహం మీద అడ్డంగా తమ కంపెనీ పేరు ముద్రేసి, 'అది పోవాలంటే డబ్బు కట్టండి' అంటాయి. మరికొన్ని వస్తూ వస్తూ చెత్తంతా వెంటేసుకొస్తాయి. పైన చెప్పిన పేర్లని వాటి సొంత సైట్ల నుంచే దించుకోండి. ఇంట్లో కాలేజీ పిల్లలుంటే ఆ పని వాళ్ళకి అప్పజెప్పండి.

తయారీ

క్యాసెట్టుని తీసి వెంటనే వి.సి.ఆర్.లో తోసెయ్యకండి! ముందు కిటికీలాంటి ఆ అద్దంలోంచి రీలుని చూడండి. తెల్లటి బూజు మచ్చలుంటే ఆగిపోండి. ఆ బూజు వి.సి.ఆర్. హెడ్డుకి అంటుకుంటుంది, దాంట్లోంచి మిగతా క్యాసెట్లకీ పాకుతుంది. అలాంటిది మాత్రం తెలిసినవాళ్ళకే ఇవ్వాలి. అయితే మన అనంతపురం వైపు ఈ బాధ తక్కువనే చెప్పాలి. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లు వాన పడితే గొప్ప. వాన లేదని ఏడ్చే మనకి ఆ కరువు చేసిన మేలు ఇదొక్కటేనేమో! గోదావరి వైపు, సముద్రం ఒడ్డున వుండేవాళ్ళే బూజు చూసుకోవాలి. మన శత్రువులు ఎండా, దుమ్మూ. వేరుశనక్కాయలు కొట్టే రోజుల్లో వచ్చే దుమ్ము గురించి మీకు చెప్పాలా? క్యాసెట్టుని పొడిగుడ్డతో బాగా తుడిచి, తలుపు మూసిన గదిలోనే పని పెట్టుకోండి.

తర్వాత, వి.సి.ఆర్.కి పరీక్ష. ఎవరికీ అక్కర్లేని సినిమా క్యాసెట్టు ఏదైనా వేసి పావుగంట ఆడించండి. రీలు నమిలితే ఆ క్యాసెట్టునే నమలనివ్వండి, మీ పెళ్ళి క్యాసెట్టుని కాదు. అది సవ్యంగా ఆడితే అప్పుడు మీది పెట్టి, చూడకుండానే ఒకసారి చివరిదాకా ముందుకి తిప్పండి, మళ్ళీ మొదటికి తిప్పండి. ఏళ్ళ తరబడి కదలని రీలు పొరలు ఒకదానికొకటి అతుక్కుని వుంటాయి. ఇలా చేస్తే వదులవుతాయి.

ఓ.బి.ఎస్.లో క్యాప్చర్ పరికరాన్ని ఎంచుకుని, 'పాల్' పద్ధతి అని చెప్పండి. మన దేశపు టీవీ పద్ధతి అదే: సెకనుకి 25 బొమ్మలు. అడ్డం 720, నిలువు 576 చుక్కలు. శబ్దం కూడా ఆ పరికరం నుంచే వస్తున్నట్టు చూసుకోండి. లేకపోతే ల్యాప్‌టాపు మైకులోంచి మీ ఇంటి కుక్కర్ విజిల్స్ పెళ్ళి మంత్రాల మధ్యలో పడతాయి! ఒక్క నిమిషం రికార్డు చేసి, ఆపి, వినండి. బొమ్మ మీద అడ్డగీతలు పరిగెడుతుంటే వి.సి.ఆర్. మీద 'ట్రాకింగ్' అని వుంటుంది, అది మెల్లగా తిప్పండి. అడుగు అంచున మాత్రం సన్నటి గీతలు కదులుతూ వుంటే కంగారు పడకండి. అవి ఎప్పుడూ వున్నవే. పాత టీవీల్లో అంచు లోపలికి పోయేది కాబట్టి మనకి కనబడలేదు.

మూడు గంటల క్యాసెట్టుకి మూడు గంటలూ పడుతుంది. దీనికి అడ్డదారి లేదు. కరెంటు పోయే వేళలు చూసుకుని మొదలుపెట్టండి. ల్యాప్‌టాపు బ్యాటరీ మీద నిలబడుతుంది గానీ వి.సి.ఆర్. టక్కున ఆగుతుంది. అందుకే అరగంటకొకసారి ఆపి, కొంచెం వెనక్కి తిప్పి, కొత్త ముక్కగా మొదలుపెడితే మంచిది. పోతే ఒక్క ముక్కే పోతుంది.

ఇంక కత్తిరింపు. ఇక్కడే ఇంట్లో గొడవలు వచ్చేది! చెల్లెమ్మ కూతురు 'అందరూ వరసగా వచ్చి కవర్లు ఇచ్చేదంతా తీసేద్దాం' అంది. ఆ రోజుల్లో వీడియోవాళ్ళు అదే గంటసేపు తీసేవాళ్ళు కదా. పక్కన ఒక కుర్రాడు ఫోకస్ లైటు పట్టుకుంటే, ఆ వెలుగుకి ప్రతివాళ్ళూ కళ్ళు చికిలిస్తూ, దండం పెడుతూ... చూస్తే విసుగే. కానీ నేను తియ్యనివ్వలేదు. ఆ వరసలో వున్నవాళ్ళలో ఇప్పుడు ఎంతమంది వున్నారు? బంతి భోజనాల దగ్గరకొస్తే, ఆకులో ఓళిగ మీద నెయ్యి వడ్డిస్తున్నది వాళ్ళ చిన్నత్త అని తేలింది. ఆమె ఫోటో ఇంట్లో ఒక్కటీ లేదట. మొదట్లో, చివర్లో వుండే ఖాళీ నల్లతెర తప్ప ఏమీ తియ్యకండి. గులాబీ పువ్వులోంచి పెళ్ళికూతురు మొహం విచ్చుకునేదీ, ఇద్దరి తలల చుట్టూ నక్షత్రాలు తిరిగేదీ, అవీ వుండనివ్వండి. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ కాలం అదే!

ఇంకో సంగతి మీరు ముందే తెలుసుకోవాలి. అప్పటి స్టూడియోవాళ్ళు చాలా చోట్ల అసలు శబ్దం తీసేసి సినిమా పాటలు అతికించేవాళ్ళు. అలా పోయిన మాటలు ఏ సాఫ్టువేరుతోనూ తిరిగిరావు. మా చెల్లెమ్మ క్యాసెట్టూ అంతే. ఎదురుకోలు నుంచి తలంబ్రాల దాకా పాటలే. వాళ్ళ నాన్నగారు ఎవరితోనో ఏదో అంటుంటారు, పెదాలు కదులుతుంటాయి, మనకి వినబడేది మాత్రం పాట. ఆమె మొహం చిన్నబోయింది. మధ్యాహ్నం దాటాక, అప్పగింతలకి ముందు ఒకచోట పాట అయిపోయి రెండో పాట మొదలయ్యేలోపల అర నిమిషంపాటు పాట లేదు. బయట మేళం చప్పుడు, పిల్లల ఏడుపులు, వాటి మధ్యన ఆయన గొంతు: "ఏం పాపా, అన్నం తింటివా?" అంతే. మేం దాన్ని ఎన్నిసార్లు వెనక్కి తిప్పామో లెక్కలేదు. అందుకే చెప్తున్నాను, క్యాసెట్టు నడిచేటప్పుడు శబ్దం తగ్గించేసి వంటింట్లోకి పోకండి. పాటల సందుల్లో ఏముందో వినండి. శబ్దం ఒక చెవిలోనే వస్తుంటే బెంగ లేదు. దాన్ని రెండో చెవికీ కాపీ చేసే సదుపాయం షాట్‌కట్‌లో వుంది.

డీవీడీ కట్టడం

డీవీడీ డబ్బా మీద 4.7 జీబీ అని వుంటుంది, కంప్యూటరు మాత్రం 4.37 అంటుంది. కొట్టువాడు మోసం చేశాడనుకోకండి. కంపెనీ వెయ్యితో లెక్క కడుతుంది, కంప్యూటరు 1024తో కడుతుంది. ఆ కొలతలో ఎంతసేపు బొమ్మ పోస్తారనేది మీ ఇష్టం. లీటరు పాలు ముగ్గురికి పోస్తే చిక్కగా వుంటాయి, ఆరుగురికి సరిపెట్టాలంటే నీళ్ళు కలపాలి కదా! గంటా రెండు గంటలయితే బొమ్మ బాగా వస్తుంది. మూడు గంటలు కుక్కితే డ్యాన్సులూ, పూలు చల్లడాలూ వున్నచోట బొమ్మ చిన్న చిన్న గళ్ళుగా చెదురుతుంది. పెళ్ళి ఒక డిస్కు, రిసెప్షను ఒక డిస్కు... ఇలా రెండుగా చెయ్యడమే నా సలహా.

డీవీడీ స్టైలర్ తెరవగానే కొత్త ప్రాజెక్టు గురించి అడుగుతుంది. పాల్ అని పెట్టండి. వీడియో నాణ్యత దాని ఇష్టానికే వదిలెయ్యండి, డిస్కులో పట్టేలా అదే సర్దుకుంటుంది. బొమ్మ ఆకారం మాత్రం 4:3 అని మీరే చెప్పాలి. 16:9 అని వదిలేస్తే సన్నగా వున్న పెళ్ళికూతురు కూడా అడ్డంగా బొద్దుగా సాగుతుంది! తర్వాత మెనూకి ఒక వెనకబొమ్మ ఎంచుకుని, మీ వీడియో ముక్కల్ని లాక్కొచ్చి కింద వరసలో వెయ్యండి. ఒక్కో ముక్కకీ ఒక్కో బటను వస్తుంది. ఎదురుకోలు, జీలకర్ర బెల్లం, తాళికట్టు, తలంబ్రాలు, అప్పగింతలు అని పేర్లు పెట్టుకోండి. తెలుగు ఒత్తులు సరిగ్గా రాకపోతే ఆ పేర్లన్నీ వేరేచోట ఒక బొమ్మగా రాసుకుని, దాన్నే వెనకబొమ్మగా పెట్టి, పైన బటన్లు అమర్చండి. మేం వెనకబొమ్మగా ఆమె ధర్మవరం పట్టుచీర అంచుని ఫోటో తీసి పెట్టాం. ముచ్చటగా వుంది.

'బర్న్' నొక్కితే కొన్ని దారులు చూపిస్తుంది. నేరుగా డిస్కు మీదికి పోకుండా 'ఐ.ఎస్.ఓ.' అనే ఒకే పెద్ద ఫైలుగా చేసుకోండి. దాన్ని వీ.ఎల్.సి.లో తెరిచి బటన్లన్నీ నొక్కి చూడండి. తప్పులుంటే డిస్కు పాడుకాకుండానే దిద్దుకోవచ్చు. తయారవడానికి పాత ల్యాప్‌టాపయితే రెండు మూడు గంటలు పట్టొచ్చు. రాత్రి పెట్టి పడుకోండి. తెల్లారి ఆ ఐ.ఎస్.ఓ. మీద కుడిబటను నొక్కితే విండోస్‌లోనే డిస్కు మీద రాసే వీలుంది. వేగం అడిగితే 4 లేదా 8 ఇవ్వండి. తొందరపడి 16 పెడితే పాత ప్లేయర్లు కొన్ని మొరాయిస్తాయి.

డిస్కుల మీద ఒక్క మాట. సినిమా డీవీడీ ఫ్యాక్టరీలో అచ్చొత్తినది, మనం రాసేది రంగుపొర మీద లేజరుతో కాల్చినది. రెండూ ఒకటి కావు. మన దేశంలో మోజర్ బేర్ కంపెనీ 2007లో సినిమాల వీసీడీలు 28 రూపాయలకీ, డీవీడీలు 34 రూపాయలకీ అమ్మి గగ్గోలు పుట్టించింది, గుర్తుందా? ఖాళీ డిస్కులూ అప్పట్లో వాళ్ళవే ఎక్కడ చూసినా. ఆ కంపెనీ 2018లో మూతపడింది. పాత స్టాకు ఎవరైనా చవగ్గా ఇస్తామంటే, ఏ కొట్టు అద్దాల్లో ఎన్ని ఎండలకి మగ్గిందో ఆలోచించండి. రాసిన డిస్కు మీద బాల్‌పెన్ను వాడొద్దు, కాగితం చీటీలు అంటించొద్దు. డిస్కుల మీద రాసే మెత్తటి మార్కరు పెన్నుతో పై వైపునే రాయండి. కిటికీ పక్కనా, టీవీ మీదా కాకుండా బీరువాలో నిలబెట్టండి. మే నెలలో మన రేకుల గదుల సంగతి తెలిసిందే కదా! తుడవాలంటే మధ్యలోంచి అంచుకి తిన్నగా తుడవాలి, గుండ్రంగా కాదు.

కనీసం రెండు కాపీలు చెయ్యండి. ఒకటి మీ దగ్గర, ఇంకొకటి పుట్టింట్లో. ఐ.ఎస్.ఓ. ఫైలుని హార్డ్ డిస్కులో కూడా పెట్టండి. పాత క్యాసెట్టుని పారెయ్యకండి, మొదటికి తిప్పి, నిలువుగా నిలబెట్టి దాచండి. మొత్తం వీడియోని యూట్యూబులో పెడితే వెనక వున్న సినిమా పాటల హక్కుదార్లు అడ్డుచెప్పే అవకాశం వుంది. పాటలేని ఆ చిన్న ముక్కలు పంపుకుంటే ఇబ్బంది లేదు.

"మా ఇంట్లో డీవీడీ ప్లేయరే లేదు, బెంగుళూరులో వుండే పిల్లల దగ్గర అసలే లేదు" అంటారా? ఇంట్లో పెద్దవాళ్ళుంటే డీవీడీయే నయం. డిస్కు పెట్టి ఒక్క బటను నొక్కితే చాలు, ఫోనులోలాగా వేలు తగిలి చెరిగిపోదు. పిల్లలకి మాత్రం అదే వీడియోని 'హ్యాండ్‌బ్రేక్' అనే ఇంకో ఉచిత సాఫ్టువేరుతో ఎమ్.పి. 4గా మార్చి పెన్‌డ్రైవులో ఇవ్వండి. ఆ పెన్‌డ్రైవు పాత పద్ధతిలో, అంటే 'ఫ్యాట్ 32'లో వుంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. అప్పుడు పెన్‌డ్రైవు పాడైపోయిందనుకోకుండా, వీడియోని రెండు ముక్కలు చేసి ఎక్కించండి. పాత టీవీలు చాలావరకు ఆ పద్ధతినే చదువుతాయి కాబట్టి దాన్ని మార్చకండి.